ఎర్రమట్టి మీద రెండో కుర్చీ ఎవరిది?

టెన్నిస్‌లో మట్టి కోర్టు మీద పురుషుల్లో అందరికన్నా గొప్ప ఆటగాడు ఎవరు అంటే వాదించుకోవడానికి ఏమీ మిగల్లేదు. రఫేల్ నాదల్ ఫ్రెంచ్ ఓపెన్ 14 సార్లు గెలిచాడు. ఫైనల్ దాకా వచ్చి ఓడిపోవడమన్నది అక్కడ ఒక్కసారి కూడా జరగలేదు. సరే, మరి రెండోవాడెవరు? ఈ ప్రశ్న వేస్తే మాత్రం గొడవ మొదలవుతుంది. ఒకరు బోర్గ్ అంటారు, ఇంకొకరు జొకోవిచ్ అంటారు, పాతకాలం నుంచి టెన్నిస్ చూస్తున్నవాళ్ళు విలాస్ పేరెత్తుతారు. ఎవరికి వాళ్ళు ఒక లెక్క చూపిస్తారు. విచిత్రం ఏమిటంటే ఆ లెక్కలన్నీ నిజమే. ఒక్కో కాలంలో ఒక్కో తూకంరాయి వాడి, అన్నిటినీ ఒకే తక్కెడలో వేయడం వల్ల వచ్చిన చిక్కిది.

ముందు ఆ మట్టి సంగతి చూద్దాం. నిజానికి అది మట్టి కాదు, ఇటుక పొడి. పాత ఇళ్ళు కట్టేటప్పుడు సున్నంలో సుర్కీ కలిపేవారు కదా, దాదాపు అలాంటిదే. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే పారిస్‌లోని రోలాండ్ గారోస్‌లో మనకు టీవీలో నిగనిగలాడుతూ కనిపించే ఆ ఎరుపు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద తెల్లటి సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు కాలాక మిగిలే చిట్టెం, ఇంకా కింద కంకర, రాళ్ళు ఉంటాయి. నీళ్ళు చల్లకపోతే పొడి లేచిపోతుంది, ఎక్కువైతే బురద అవుతుంది. అందుకే ఒక కోర్టే పొద్దున ఒకలా, ఎండెక్కాక మరోలా ఆడుతుంది.

బంతి పడగానే ఆ పొడి దాన్ని ఒక్క క్షణం పట్టుకున్నట్టు ఆపుతుంది. దాంతో ముందుకు వెళ్ళే వేగం తగ్గి, పైకి లేచే ఎత్తు పెరుగుతుంది. పచ్చిక మీద నేరుగా పాయింటు తెచ్చే సర్వీసు ఇక్కడ తిరిగొచ్చేస్తుంది. ఒక్క దెబ్బతో పని అయ్యేచోట పది దెబ్బలు కొట్టాల్సి వస్తుంది. కాళ్ళు జారుతూ బంతిని అందుకోవాలి, జారి ఆగాక మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి. ఓపిక, ఊపిరి, బంతిని గిరగిరా తిప్పే మణికట్టు, ఈ మూడూ ఉన్నవాడిదే ఇక్కడ రాజ్యం. పీట్ సాంప్రాస్ పచ్చిక మీద ఆడే వింబుల్డన్ ఏడుసార్లు గెలిచి కూడా పారిస్‌లో ఒక్క ఫైనల్ ఆడలేకపోయాడంటే కారణం ఇదే.

ఈ మూడింటినీ నాదల్ ఎంత దూరం తీసుకెళ్ళాడో చూడాలంటే అతని ఫోర్‌హ్యాండ్ ఒక్కటి చాలు. హైస్పీడ్ కెమెరాలతో కొలిచినప్పుడు అతను కొట్టిన బంతి సగటున నిమిషానికి 3,200 చుట్ల దాకా తిరుగుతోందని తేలింది. సాంప్రాస్, అగస్సీ కాలంలో అది 1,800, 1,900 దగ్గర ఉండేది. పైగా నాదల్ కొట్టేది ఎడమ చేత్తో. ఆ బంతి నెట్ మీదుగా ఎత్తుగా వెళ్ళి, గీత లోపలికి ఠక్కున దిగి, మట్టి మీద పడి మళ్ళీ లేస్తుంది. ఎదురుగా ఉన్న కుడిచేతివాటం ఆటగాడికి అది బ్యాక్‌హ్యాండ్ వైపు, భుజం ఎత్తున వస్తుంది. ఒంటి చేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టే రోజర్ ఫెదరర్‌కి ఇదొక నరకం. నడుము ఎత్తున అందితే అద్భుతంగా కొట్టే బంతిని చెవి పక్కనుంచి కొట్టాల్సి వచ్చేది. ఫ్రెంచ్ ఓపెన్‌లో ఇద్దరూ ఆరుసార్లు ఆడితే ఆరూ నాదల్‌వే. 2008 ఫైనల్ స్కోరు 6-1, 6-3, 6-0. ప్రపంచ నంబర్ వన్‌కి ఆ రోజు మొత్తం మీద దక్కినవి నాలుగు గేములు.

2005 ఏప్రిల్ నుంచి 2007 మే దాకా మట్టి మీద వరసగా 81 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ వరస తెంచింది కూడా ఫెదరరే, హాంబర్గ్ ఫైనల్లో. ఆ మధ్యనే వీళ్ళిద్దరితో మయోర్కాలో ఒక వింత మ్యాచ్ ఆడించారు. నెట్‌కి ఒక పక్క పచ్చిక, ఇంకో పక్క మట్టి! వైపు మారినప్పుడల్లా బూట్లు కూడా మార్చుకుంటూ ఆడారు పాపం. అదీ నాదలే గెలిచాడు.

2009 మే 31, ఆదివారం. ఫ్రెంచ్ ఓపెన్ ప్రీక్వార్టర్స్‌లో స్వీడన్ ఆటగాడు రాబిన్ సోడర్లింగ్ చేతిలో నాదల్ ఓడిపోయాడు. స్కోరు చూసి నేనైతే టీవీవాళ్ళు పేర్లు తారుమారు చేశారనుకున్నాను. కొన్ని వారాల ముందే రోమ్‌లో ఇదే సోడర్లింగ్‌ని నాదల్ 6-1, 6-0తో చిత్తు చేశాడు మరి. ఎలా ఓడించాడంటే, భుజం ఎత్తున లేచిన ఆ బంతినే పొడగరి సోడర్లింగ్ తన ఎత్తు వాడుకుని పైనుంచి కిందికి బాదాడు. మందు అదేనని అందరికీ తెలిసింది. కానీ ఐదు సెట్ల మ్యాచ్‌లో అలా బాదుతూనే ఉండగలవాళ్ళు ఎందరున్నారు? మరుసటి ఏడాది ఫైనల్లో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడితే నాదల్ మూడు వరస సెట్లలో ముగించాడు. ఫ్రెంచ్ ఓపెన్‌లో అతని మొత్తం లెక్క 112 గెలుపులు, 4 ఓటములు. ఆ నాలుగులో ఒకటి సోడర్లింగ్‌ది, రెండు జొకోవిచ్‌వి, చివరిది 2024 మొదటి రౌండ్లో జ్వెరెవ్‌ది.

ఇక అసలు విషయానికి వస్తాను. నాదల్‌కీ బోర్గ్‌కీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉందనుకుంటారు చాలామంది. 14 ఎక్కడ, 6 ఎక్కడ అని. కాగితం మీద పెట్టి చూస్తే వేరే బొమ్మ కనిపిస్తుంది. స్వీడన్‌కి చెందిన బ్యోర్న్ బోర్గ్ అక్కడ ఎనిమిదిసార్లు ఆడి ఆరుసార్లు గెలిచాడు. నాదల్ పందొమ్మిదిసార్లు ఆడి పద్నాలుగు గెలిచాడు. శాతం చూస్తే బోర్గ్‌ది 75, నాదల్‌ది 74కి కాస్త తక్కువ. మ్యాచ్‌ల వారీగా బోర్గ్‌ది 49-2, అంటే 96 శాతం. నాదల్‌దీ దాదాపు అంతే, ఒక అరశాతం ఎక్కువ. బోర్గ్ ఓడిన ఆ రెండు మ్యాచ్‌లూ ఒకే మనిషి చేతిలో, ఇటలీకి చెందిన అడ్రియానో పనాట్టా. 1973లో ఒకసారి, 1976లో ఒకసారి. ఇంకెవరివల్లా కాలేదు.

మరో లెక్క చూడండి. బోర్గ్ పుట్టింది 1956 జూన్ 6న. ఆరో టైటిల్ గెలిచింది 1981 జూన్ 7న, పాతికేళ్ళు నిండిన మర్నాడు. నాదల్ పుట్టింది 1986 జూన్ 3న. తన ఆరో టైటిల్ గెలిచింది 2011 జూన్ 5న, పాతికేళ్ళు నిండిన రెండు రోజులకి. అంటే పాతికేళ్ళ వయసులో ఇద్దరూ అచ్చంగా ఒకేచోట ఉన్నారు. ఆ తర్వాత బోర్గ్ మళ్ళీ పారిస్‌లో ఆడలేదు, ఆటంటే విసుగొచ్చి 26 ఏళ్ళకే తప్పుకున్నాడు. నాదల్ మోకాళ్ళు అరిగినా, పాదం సహకరించకపోయినా ఇంకో ఎనిమిది గెలిచాడు, ఆఖరిది 36 ఏళ్ళకి. పాతికేళ్ళ తర్వాత గెలిచిన ఆ ఎనిమిదింటినే విడిగా తీసి చూపించినా, బోర్గ్ మొత్తం కెరీర్‌ని దాటిపోతుంది.

కాబట్టి నా మటుకు నాకు ఒకటో స్థానం నాదల్‌దే, రెండో కుర్చీ బోర్గ్‌ది, కాని అది ఆటలో తేడా వల్ల కాదు, మన్నిక వల్ల. ఈ మాట అంటే నాదల్ అభిమానులకు కోపమొస్తుంది. కానీ 1978లో బోర్గ్ ఏడు మ్యాచ్‌లలో కలిపి వదులుకున్న గేములు 32. ఫైనల్లో విలాస్ మీద స్కోరు 6-1, 6-1, 6-3. చెక్క రాకెట్‌తో, దాదాపు 80 పౌండ్ల బిగువుతో తీగలు లాగించుకుని ఆడిన ఆట అది. ఆ బిగువుకి హోటల్ గదిలో రాత్రిపూట తీగలు వాటంతట అవే టపటపా తెగేవని చెప్పుకుంటారు. అది చాలదన్నట్టు 1978, 79, 80లో పారిస్‌లో గెలిచి కొన్ని వారాల్లోనే పచ్చిక మీద వింబుల్డన్ కూడా గెలిచాడు. మట్టి మీద జారడం అలవాటైన కాళ్ళని అంత తొందరగా పచ్చికకి మార్చుకోవడం ఎంత కష్టమో ఆడేవాళ్ళకి తెలుసు.

బోర్గ్ 1977లో పారిస్‌కి రాలేదు. అమెరికాలో వరల్డ్ టీమ్ టెన్నిస్ అనే జట్టు పోటీలు ఆడటానికి వెళ్ళాడు. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది అర్జెంటీనా వీరుడు గిల్యెర్మో విలాస్. ఇక్కడే టైటిళ్ళ లెక్క మోసం చేయడం మొదలవుతుంది. విలాస్ మట్టి మీద మొత్తం 49 టైటిళ్ళు గెలిచాడు, నాదల్ వచ్చి దాటేదాకా అదే రికార్డు. 1977లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ 6-0, 6-3, 6-0తో ముగించి, యు.ఎస్. ఓపెన్ కూడా గెలిచాడు. అప్పట్లో మూడేళ్ళపాటు, 1975 నుంచి 77 దాకా, యు.ఎస్. ఓపెన్‌ని కూడా ఆకుపచ్చ రంగు మట్టి మీదే ఆడేవారు. అంటే ఏడాదికి నాలుగు జరిగే పెద్ద టోర్నీల్లో, అదే గ్రాండ్‌స్లామ్‌లలో, ఆ మూడేళ్ళూ రెండు మట్టి మీదే! కేవలం ఫ్రెంచ్ ఓపెన్‌లు లెక్కబెట్టేవాళ్ళు ఇది మర్చిపోతారు.

విలాస్ ఆ ఏడాది మట్టి మీద 53 మ్యాచ్‌లు వరసగా గెలిచాడు. అది ఆగిన తీరు ఒక కథ. ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఫైనల్, ఎదురుగా రొమేనియా ఆటగాడు ఇలీ నస్టాసే. అతని చేతిలో స్పగెట్టి రాకెట్ అని ఒక వింత వస్తువు. రెండు పొరల తీగలు, వాటికి ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి ఉంటాయి. తీగలు కదులుతూ బంతిని బొంగరంలా తిప్పేస్తాయి. బంతి ఎటు లేస్తుందో తెలియక విలాస్ రెండు సెట్లు పోగొట్టుకుని, ఇది టెన్నిస్ కాదని కోర్టు వదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ రాకెట్‌ని నిషేధించారు. తమాషా ఏమిటంటే, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పాలియెస్టర్ తీగలు వచ్చి, చట్టబద్ధంగానే బంతిని అలా తిప్పడం మొదలుపెట్టాయి. ఎవరి అదృష్టం వాళ్ళది.

ఇంత చెప్పాక కూడా విలాస్‌ని రెండో కుర్చీలో కూర్చోబెట్టలేను. పారిస్ ఫైనల్లో బోర్గ్ ఎదురైన రెండుసార్లూ, 1975లోనూ 1978లోనూ, ఒక్క సెట్టు కూడా గెలవలేకపోయాడు. 1982 ఫైనల్లో 17 ఏళ్ళ కుర్రాడు మాట్స్ విలాండర్ చేతిలో ఓడాడు. 49లో చాలావరకు చిన్న టోర్నీలు. రాశి ఉంది, వాసి కొంచెం తగ్గింది.

ఇంకా వెనక్కి వెళితే తూకంరాయి మరీ పనికిరాకుండా పోతుంది. 1925కి ముందు ఫ్రెంచ్ ఛాంపియన్‌షిప్ అక్కడి క్లబ్బు సభ్యులకి మాత్రమే. ప్రపంచంలో మేటి ఆటగాళ్ళంతా మట్టి మీద పోటీపడింది పారిస్‌లోనే 1912లో మొదలైన వరల్డ్ హార్డ్‌కోర్ట్ ఛాంపియన్‌షిప్‌లో. పేరు చూసి సిమెంటు కోర్టు అనుకోకండి, అప్పట్లో పచ్చిక కానిదల్లా హార్డ్ కోర్టే. న్యూజిలాండ్ వాడు ఆంథొనీ వైల్డింగ్ దాన్ని 1913, 1914లో గెలిచి, 1915లో యుద్ధంలో చనిపోయాడు. అతన్ని ఏ వరుసలో పెట్టాలి? నిజాయితీగా చెప్పాలంటే పెట్టలేం. ఫ్రాన్స్‌కి చెందిన కోషే, లకోస్త్ 1920ల్లో ఈ మట్టిని ఏలారు, రోలాండ్ గారోస్ స్టేడియం 1928లో కట్టిందే వాళ్ళు గెలిచి తెచ్చిన, దేశాల జట్లు ఆడే డేవిస్ కప్‌ని నిలబెట్టుకునే పోటీ కోసం. వాళ్ళకి గౌరవంగా ఒక నమస్కారం పెట్టి పక్కన ఉంచుతున్నాను.

కెన్ రోజ్‌వాల్‌ని మాత్రం అలా పక్కన పెట్టలేను. ఈ ఆస్ట్రేలియా ఆటగాడు 1953లో 18 ఏళ్ళకి పారిస్‌లో గెలిచాడు. మళ్ళీ గెలిచింది 1968లో, ఫైనల్లో రాడ్ లేవర్ మీద. మధ్యలో పదిహేనేళ్ళు ఏమయ్యాయి? డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్ అయ్యాడు కాబట్టి గ్రాండ్‌స్లామ్ గేట్లు మూసేశారు. 1968 దాకా నియమం అదే. ఆ మధ్యకాలంలో ప్రొఫెషనల్స్‌కి విడిగా జరిగిన ఫ్రెంచ్ ప్రో టోర్నీని రోలాండ్ గారోస్ మట్టి మీదే నాలుగుసార్లు గెలిచాడు. మేటి ఆటగాళ్ళు చాలామంది ఆడింది అందులోనే, అమెచ్యూర్ పోటీలో కాదు. రికార్డు పుస్తకంలో అతని పేరు పక్కన రెండే కనిపిస్తాయి. అందుకే నా జాబితాలో అతనికి నాలుగో చోటు. చాలామంది ఒప్పుకోరని తెలుసు.

మూడో చోటు జొకోవిచ్‌ది. మూడు టైటిళ్ళవాడిని ఎందుకు, లెండిల్‌కీ విలాండర్‌కీ కుయెర్టెన్‌కీ కూడా మూడేసి ఉన్నాయిగా అంటారు. జొకోవిచ్ ఏడు ఫైనల్స్ ఆడాడు. అందులో మూడు నాదల్ ముందే పోయాయి. ఫైనల్ దాకా రాకుండా ఇంకో ఐదుసార్లు నాదలే ఆపాడు. 2013 సెమీఫైనల్ గుర్తుందా? ఐదో సెట్లో జొకోవిచ్ 4-3తో ముందున్నాడు. నెట్ దగ్గర తేలికైన బంతిని కొట్టేశాడు, పాయింటు తనదే. కానీ ఊపు ఆపుకోలేక బంతి రెండోసారి నేలకి తగలకముందే ఒంటితో నెట్‌ని తాకాడు. పాయింటు పోయింది, ఆ తర్వాత గేమూ పోయింది, 9-7తో మ్యాచూ పోయింది. ఫైనల్లో ఉన్నది ఫెరర్, అతన్ని నాదల్ మూడు సెట్లలో ముగించాడు. ఆ నెట్టు కాస్త దూరంగా ఉండుంటే ఇవాళ లెక్క వేరేగా ఉండేదేమో.

ఓడిన మ్యాచ్‌లకి మార్కులేమిటని అడగొచ్చు. న్యాయమే. అందుకే గెలిచినవి కూడా చెప్తున్నాను. రోలాండ్ గారోస్‌లో నాదల్‌ని రెండుసార్లు ఓడించినవాడు ఇంకెవడూ లేడు. నాదల్ రాజ్యం నడుస్తున్న కాలంలోనే రోమ్‌లో ఆరు, మాడ్రిడ్‌లో మూడు, మాంటెకార్లోలో రెండు టైటిళ్ళు తీసుకెళ్ళాడు. 37 ఏళ్ళ వయసులో 2024 ఒలింపిక్స్ ఫైనల్, అదే రోలాండ్ గారోస్ మట్టి మీద, తనకన్నా పదహారేళ్ళ చిన్నవాడైన అల్కరాజ్‌ని, తను సర్వీస్ చేసిన గేము ఒక్కటి కూడా పోగొట్టుకోకుండా, 7-6, 7-6తో ఓడించి బంగారు పతకం మెడలో వేసుకున్నాడు.

లెండిల్, విలాండర్ల మధ్య ఎంచడం అన్యాయం. ఇద్దరికీ మూడేసి టైటిళ్ళు, ఇద్దరివీ ఐదేసి ఫైనల్స్, పారిస్‌లో ఒకరినొకరు నాలుగుసార్లు ఎదుర్కొంటే చెరి రెండు. పూర్తిగా నాణెం ఎగరేయాల్సిందే. 1984 ఫైనల్లో రెండు సెట్లు వెనకబడి మెకెన్రోని ఓడించిన ఒక్క కారణంతో నేను లెండిల్‌ని ఒక వెంట్రుకవాసి ముందు పెడతాను.

బ్రెజిల్ గుస్తావో కుయెర్టెన్ గురించి చెప్పాలంటే మనసు కాస్త పక్షపాతానికి లోనవుతుంది. 1997లో 66వ ర్యాంకుతో వచ్చాడు. ముస్టర్, కాఫెల్నికోవ్, బ్రుగెరా, ముగ్గురు మాజీ ఛాంపియన్లని ఒకే టోర్నీలో ఓడించి కప్పు ఎత్తాడు. 2001లో ఓటమికి ఒక్క పాయింటు దూరం దాకా వెళ్ళి బతికి బట్టకట్టి, రాకెట్‌తో మట్టి మీద పెద్ద గుండె బొమ్మ గీసి అందులో పడుకున్నాడు. ఆ ఏడూ కప్పు అతనిదే. తుంటి ఎముక దెబ్బతిని ఆపరేషన్ చేయించుకున్నాక కూడా 2004లో, అప్పటి నంబర్ వన్ ఫెదరర్‌ని అదే చోట 6-4, 6-4, 6-4తో పంపించేశాడు. ఆ తుంటి బాగుంటే నాదల్ మొదటి రెండు మూడు కప్పులు అంత సులువుగా వచ్చేవా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఆస్ట్రియాకి చెందిన థామస్ ముస్టర్ ఈ వరుసలో చివర ఉంటాడు, కానీ ఒక్క ఏడాది మాత్రమే కొలిస్తే పైకొస్తాడు. 1995లో మట్టి మీద 65 గెలిచి రెండే ఓడాడు. 1989లో కారు గుద్ది మోకాలు ఛిద్రమైతే, కాలు కట్టుతో ఉండగానే ప్రత్యేకంగా చేయించిన కుర్చీలో కూర్చుని బంతులు కొట్టిన మొండివాడు. పారిస్‌లో గెలిచింది మాత్రం ఒక్కసారే.

ఇక ఇప్పటివాడు కార్లోస్ అల్కరాజ్. 2024లో ఒకటి, 2025లో ఒకటి. రెండోది ఇటలీ ఆటగాడు సిన్నర్ మీద, అతను కప్పుకి ఒక్క పాయింటు దూరంలో ఉండగా మూడుసార్లు కాచుకుని, 5 గంటల 29 నిమిషాలు ఆడి గెలిచాడు. రోలాండ్ గారోస్‌లో అంత సుదీర్ఘమైన ఫైనల్ ఇంకోటి లేదు. మన టైములో సాయంత్రం ఆరున్నరకి మొదలైంది, అయ్యేసరికి అర్ధరాత్రి. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపుల్లో తర్వాతి నాదల్ ఇతనే అని తీర్పులిచ్చేశారు. లెక్క చూస్తే, అప్పటికి అతనికి 22 ఏళ్ళు, చేతిలో రెండు కప్పులు. అదే వయసుకి బోర్గ్ దగ్గర మూడు, నాదల్ దగ్గర నాలుగు ఉన్నాయి. అల్కరాజ్‌కి పాతికేళ్ళు నిండేది 2028 మేలో. 2026, 27, 28, మూడూ గెలిచినా చేతిలో ఉండేవి ఐదే.